ఫిడేలు సారు వాయించిన నాయనమ్మ

ఇసుకకూ మంచుకూ ఒక్కడే యజమాని అయిన దేవునికి స్తోత్రం. మట్టి ముద్దలో ఊపిరి ఊది, ఆ ఊపిరికి మనిషికో తీరున గొంతు ఇచ్చి, ఇచ్చినదాన్ని తన దినాన తానే తిరిగి తీసుకునే ప్రభువుకు మహిమ. ఆయన్ని స్తుతించకుండా ఈ నాలుగు ముక్కలు మొదలుపెట్టడం నాకు చేతకాలేదు.

మంగళవారం పొద్దున ఖతర్‌లోని దుఖాన్‌లో మా కంపెనీ స్టోర్సు కౌంటరు దగ్గర గ్లౌజుల కట్టలు విప్పుతున్నాను. మా క్యాంపు వ్యాను నడిపే డ్రైవరు భాయ్ వచ్చాడు. నిజామాబాదు వైపు మనిషి. ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ నడుస్తాడు కాబట్టి తల ఎత్తకుండానే తెలుస్తుంది వచ్చింది ఆయనేనని. ఆ రోజు ఆ చప్పుడు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అన్నా, ఫిడేలు సారు ఇగ రాడు."

"ఏం, కాంట్రాక్టు అయిపోయిందా?"

"కాంట్రాక్టు కాదన్నా. మనిషే అయిపోయిండు. ఆఫీసుకు ఫ్యాక్సు వచ్చింది. ఇంటి ముందర మంచు తోడిండంట, అలసిపోయి మెట్టు మీద కూసున్నడంట. మళ్ల లేవలే."

ఇక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘానికి కార్యదర్శిని నేను. మరణవార్తలు నాకు కొత్త కాదు. ఇక్కడ ఎవరికి ఏ కబురొచ్చినా ముందు నాకే చెబుతారు, నేనే వెళ్ళి పక్కన కూర్చుంటాను. కూర్చోగానే నోటికి వాక్యం వస్తుంది. ఆ రోజు ఒక్కటీ రాలేదు. సండే స్కూలు నుంచి కంఠతా పట్టినవన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఒక్కటే గుర్తొచ్చింది. మూడు వారాల కిందట, లీవుకు వెళ్ళేరోజు, ఆయన ఈ కౌంటరు ముందే నిలబడి నన్ను ఐదు నిమిషాలు అడిగాడు. నేను ఇవ్వలేదు.

ఆయన పేరు రాయను. ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు కాబట్టి అదే మర్యాద అనిపిస్తోంది.

అరవై దగ్గర పడిన పొట్టి మనిషి. ఎత్తైన చెంప ఎముకలు, సన్నటి కళ్ళు. కొత్తగా వచ్చిన రోజు మెస్సులో నేపాలీ కుర్రాళ్ళు తమవాడే అనుకొని తమ భాషలో పలకరించారట. ఆయన తన భాషలో జవాబు చెప్పాడట. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గాని అందరూ కలిసి పప్పన్నం తిన్నారు. "పాస్‌పోర్టు నార్వేది. మనిషిని మాత్రం సామీని," అనేవాడు. లోకం పైకొసన, చలికాలంలో వారాల తరబడి సూర్యుడు మొహం చూపించని చోట వాళ్ళ జాతి ఉంటుందట. రెయిన్‌డీర్ల మందలు కాసేవాళ్ళు కొందరు, తనవాళ్ళలా పడవల మీద బతికేవాళ్ళు కొందరు.

"దక్షిణాది వాళ్ళకు ఆ తేడాలేవీ పట్టవు. మేమంతా 'పైనున్నోళ్ళం', అంతే," అన్నాడొకసారి.

"మా అమ్మ సుత గంతే సారు," అన్నాడు డ్రైవరు భాయ్, సారుతో మాట్లాడే తన వచ్చీరాని ఇంగ్లీషులోనే. "ఖతర్‌ల ఉన్ననే అమ్మా అంటే, గది దుబాయ్‌ల ఏ మూలకుంటది బిడ్డా అంటది."

ఆయన పని పంపుల దగ్గర. మీటర్లు ఉండేవి, కాని ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని వినేవాడు. "దీనికి అలక వచ్చింది. పది రోజులు ఓర్చుకుంటుంది," అనేవాడు. బేరింగు సరిగ్గా అప్పుడే పోయేది.

మనుషుల్నీ అలాగే వినేవాడు. ఎవరైనా ఎదురొస్తే పేరు పిలవకుండా గొంతులో రెండు మూడు స్వరాలు తీసేవాడు, ఒక్కొక్కరికి ఒక్కో రకం. డ్రైవరు భాయ్ కనిపిస్తే అందులో ఈడ్చే చెప్పు కూడా ఉండేది. మెస్సు మేనేజరు వస్తే ముక్కుతో రెండు పొట్టి స్వరాలు, చివర దగ్గు. పేర్లు గుర్తుండక అలా చేస్తాడని చాలాకాలం అనుకున్నాను. నాకు మాత్రం ఏమీ తీసేవాడు కాదు. ఊరికే తల ఊపేవాడు.

"నాది ఏదండీ?" అని అడిగేశాను ఒకరోజు.

"రాలేదు."

"ఎందుకు?"

"నువ్వెప్పుడూ ప్రసంగంలోనే ఉంటావు. నిన్ను వినడానికి సందు దొరకడం లేదు."

డ్రైవరు భాయ్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను గాని లోపల గుచ్చుకుంది.

ఫిడేలు సంగతి బయటపడింది ఏసీ వల్ల. ఏసీ బాగా లేదని ఫిర్యాదు ఇస్తారు అందరూ. ఆయన మాత్రం ఏసీ మరీ బాగా పనిచేస్తోందని ఇచ్చాడు. విషయం ఏమిటో చూద్దామని గదికి వెళ్ళాను. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. అందులో ఫిడేలు, దాని పక్కన చిల్లులు పొడిచిన సబ్బుపెట్టె, సబ్బుపెట్టెలో తడి స్పాంజి. ఏసీ గాలికి కట్టె ఎండి పగలకుండా అదీ ఆయన వైద్యం.

నేను ఆగలేకపోయాను. "ప్రభువుకు స్తోత్రం! మా శుక్రవారం ఆరాధనలో హార్మోనియం ఉంది, తబలా ఉంది, ఫిడేలు లేదని ఏడాదిగా ప్రార్థన చేస్తున్నాం. మీరు రావాలి!"

ఆయన పెట్టె మూసేశాడు. చెయ్యి మూత మీదే ఉంచాడు.

"మా ఇంట్లో దీన్ని సాతాను పెట్టె అంటారు," అన్నాడు.

ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే ఏరి పెట్టినట్టు మాట్లాడేవాడు. అలాగే చెప్పాడు. వాళ్ళ ప్రాంతంలో ఉజ్జీవం, అంటే భక్తి వెల్లువ, వచ్చిందట. తాగుడు మానారు, కొట్లాటలు మానారు, కన్నీళ్ళతో ఒకరినొకరు క్షమించుకున్నారు. అంతా మంచిదే. దాంతోపాటు ఫిడేళ్ళూ మానారు. వాళ్ళ తాత పెళ్ళిళ్ళలో వాయించేవాడు. రక్షణ పొందిన నాయనమ్మ ఒక పొద్దున తాత ఫిడేలు తీసుకొచ్చి పొయ్యిలో పెట్టింది.

"ఎండు కట్టె కదా, వెంటనే అంటుకుంది. ఆ మంట మీదే చేప వండింది. నేను తిన్నాను. నాకు ఆరేళ్ళు. రుచిగా ఉంది."

తరవాత మేనమామ దగ్గర పడవల కొట్టంలో దొంగచాటుగా నేర్చుకున్నాడట. పెళ్ళిళ్ళలో, సంతల్లో, పెద్ద పెద్ద వేదికల మీద కూడా వాయించాడు. ప్రార్థన జరిగే చోట మాత్రం ఒక్కసారీ వాయించలేదు.

"ఒక్కసారి దేవుని ఎదుట వాయించాలి," అన్నాడు. "వద్దంటే ఆయనే అనాలి. ఇప్పటిదాకా ఆయన తరఫున మనుషులే అన్నారు."

నేను విస్తుపోయాను. ఫిడేలు సాతానుదా! మా గోదావరి ఊళ్ళో చర్చిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల ఎంత పవిత్రమో మూలనున్న ఫిడేలూ అంతే. పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. "మా దగ్గర సాతానుది ఫిడేలు కాదండీ, డప్పు," అన్నాను. ఆ ఊపులో, మా ఇల్లు దేవుని వైపు ఎలా తిరిగిందో సంఘంలో చెప్పే నా సాక్ష్యం అంతా చెప్పేశాను. మా నాన్న డప్పు వాయించేవాడు. జాతర్లకీ, చావులకీ ఆయన లేకపోతే ఊళ్ళో పని జరిగేది కాదు. బాప్తిస్మం తీసుకున్న రోజు తడి బట్టలతోనే వచ్చి డప్పు తీసుకెళ్ళి కాలవలో విసిరేశాడు. వెనక్కి చూడలేదు. ఈ సాక్ష్యం నేను చెప్పినప్పుడల్లా సంఘమంతా హల్లెలూయా అంటుంది.

ఆయన అనలేదు. "వాయించే ముందు నిప్పు దగ్గర కాస్తారా?" అని అడిగాడు.

"కాస్తారు. చర్మం బిగుసుకోవాలి కదా."

"మా పాత డోళ్ళనూ కాచేవాళ్ళు. నా తాతల తాతల కాలంలో మతగురువులు వచ్చి ఊరూరా పోగుచేసి అవే నిప్పుల్లో వేశారు." తరవాత అడిగాడు. "విసిరేశాక మీ నాన్న వేళ్ళు ఏం చేశాయి?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అసలు ఈయనకెలా తెలిసింది? మా నాన్న చనిపోయేదాకా ప్రసంగం జరుగుతుంటే కుడిచేతి వేళ్ళు మోకాలి మీద ఆడేవి. ఒకోసారి బైబిలు అట్ట మీదా ఆడేవి. ఆయనకు తెలిసేది కాదు. తెలియగానే ఎడమచేత్తో ఆ వేళ్ళను గట్టిగా పట్టుకొని, తల వంచుకొని కూర్చునేవాడు. సాక్ష్యంలో నేనెప్పుడూ చెప్పని ముక్క అది.

చెప్పాను. "ఎలా ఆడేవి?" అన్నాడు. మంచం పక్కనున్న బల్ల మీద ఒక్కసారి, ఒక్క ఆవర్తం, వేళ్ళతో చూపించాను. చూపించి, తప్పు చేసినట్టు చెయ్యి లాక్కున్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "మా నాయనమ్మకు పాదం! ప్రసంగాల పుస్తకం పైకి చదువుతూ ఉండేది, పావడా కింద పాదం మాత్రం తాత వాయించిన పెళ్ళి పాటకు తాళం వేసేది. మేం పిల్లలం కింద కూర్చొని చూసేవాళ్ళం. ఆమెకు తెలియదు."

ఆ శుక్రవారం వస్తానన్నాడు.

దోహా దాపున అల్ ఘర్రాఫాలో ఒక విల్లా హాల్లో మా కూడిక. ఇక్కడ చర్చి భవనానికి అనుమతి లేదు కాబట్టి కిటికీలు మూసి, చెప్పులు లోపలి వసారాలో విడిచి, గొంతు తగ్గించి పాడుకుంటాం. ఆయన వారమంతా మా కీర్తన ఒకటి సాధన చేశాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. వ్యానులో పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"ఏంది సారు, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?" అన్నాడు డ్రైవరు భాయ్.

"అరవై ఏళ్ళ పెళ్ళికొడుకు," అన్నాడాయన. నవ్వలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

రెండో కీర్తన అయ్యాక నేనే లేచి ఆయన్ని పిలిచాను. చెప్పులు విడిచిన పాదాలతో చలువరాతి నేల మీద నిలబడి మా కీర్తన వాయించాడు. దేవుడు సాక్షి, ఆ వాయింపుకు నర్సుగా పనిచేసే మా సిస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఒక చరణం అయింది. రెండో చరణం రావలసిన చోట ఆయన ఆగి, ఒక తీగ మర తిప్పి కొంచెం దించాడు. మళ్ళీ కమాను పెట్టాడు.

అది కీర్తన కాదు. అలాంటిది నేనెప్పుడూ వినలేదు. గీరినట్టు, గొణిగినట్టు, మధ్యలో నవ్వినట్టు. ఒకే ముక్క గుండ్రంగా తిరిగి తిరిగి వస్తోంది. ఆయన కుడిపాదం నేల మీద థప్పు థప్పుమని పడుతోంది. పిల్లలు నవ్వారు. పెద్దలు నా వైపు చూశారు.

"ఇదేం కీర్తన బ్రదర్?" అంది సిస్టరమ్మ.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "ఇది ఎవరి మీద పాటండీ?"

వాయిస్తూనే చెప్పాడు. "మీద కాదు. మా నాయనమ్మ. మా వాళ్ళలో మనిషి మీద పాట కట్టం. పాటే ఆ మనిషి."

"ఆమె ఉన్నారా?"

"పోయి ముప్పై ఏళ్ళు. ఇప్పుడు ఇక్కడుంది." ఆయన కళ్ళ నిండా నీళ్ళు. మొహం నిండా నవ్వు. "చూడు, పాదం చూడు."

వాక్యం నేర్చుకున్నవాణ్ణి. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది ఒక్కటే, సౌలు రాజు మారువేషంలో వెళ్ళిన ఏన్దోరు సోదెకత్తె ఇల్లు, చచ్చినవాణ్ణి పైకి పిలిపించిన రాత్రి. పిల్లలున్నారు, కొత్త విశ్వాసులున్నారు. సంఘానికి నేను జవాబుదారీని. గొంతు పెంచి అందరి ముందూ అన్నాను. "బ్రదర్, ఆపండి. చనిపోయినవాళ్ళను పిలవడం దేవుని సన్నిధిలో కుదరదు."

కమాను తీగ మీదే ఆగింది. సగం ఎత్తిన పాదం అలాగే గాల్లో ఉండిపోయి, తరవాత చప్పుడు కాకుండా దిగింది.

"ఇదే మాట," అన్నాడు. "ఫిడేలు పొయ్యిలో పెట్టిన పొద్దున ఆమె కూడా ఇదే గొంతుతో అంది."

కోపంగా అనలేదు. ఆశ్చర్యపోయినట్టు అన్నాడు. కమాను వదులు చేశాడు, పెట్టె మూశాడు, వెళ్ళి చివర కుర్చీలో కూర్చున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. ప్రసంగం అంతా ఒక్క ముక్క అర్థం కాకుండా విన్నాడు. ఆశీర్వాదం దగ్గర అందరికన్నా ముందు ఆమేన్ అన్నాడు. తిరుగు దారిలో డ్రైవరు భాయ్ అద్దంలో మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఏమైందన్నా, పాట మంచిగ రాలేదా?" అన్నాడు. ఇద్దరం చెరో కిటికీలోంచి బయటికి చూశాం.

తరవాత పదిహేను రోజులు నేను ఆయన్ని తప్పించుకు తిరిగాను. చేసింది తప్పని కాదు. తప్పు కాదనే నాకు నేను చెప్పుకున్నాను, అధ్యాయాలు తిరగేసి మరీ చెప్పుకున్నాను. అలా తిరగేస్తుంటే ఒక చోట దావీదు రాజు దేవుని పవిత్రమైన పెట్టె, మందసం, ముందు నాట్యమాడాడు, కిటికీలోంచి అతని భార్య మీకాలు చూసి హీనపరిచింది. ఆ పేజీ త్వరగా తిప్పేశాను.

లీవుకు వెళ్ళేరోజు ఆయన స్టోర్సుకు వచ్చి స్క్రూడ్రైవరు అప్పగించాడు. "ఐదు నిమిషాలు ఉన్నాయా? నీకొకటి ఇవ్వాలి," అన్నాడు. చేతిలో ఏమీ లేదు. నేను రసీదు రాస్తూ, తల ఎత్తకుండా, "లీవు నుంచి రండి, తీరిగ్గా కూర్చుందాం," అన్నాను. స్టోర్సులో ఆ సమయానికి పురుగు కూడా లేదు. నాకు పనీ లేదు.

ఇదంతా మంగళవారం కౌంటరు ముందు ఒక్కసారిగా మీద పడింది. డ్రైవరు భాయ్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"అన్నా, ఇంకోటి ఉన్నది. చెప్పాల్నా వద్దా అని ఆలోచన చేస్తున్న."

"చెప్పు భాయ్."

"ఎయిర్‌పోర్టుకు నేనే తోల్కపోయిన గదా. నీకు ఇద్దామని వచ్చిండంట, నువ్వు బిజీ అన్నవంట. తొవ్వంతా నాకు నేర్పిండు. తప్పు పాడితే మళ్ల మొదటికెల్లి. నా జాన్ తిన్నడు అనుకో. రోజు పాడుకో, మర్చిపోకు, నేనొచ్చి ఫిడేలు మీద మీ అన్నకు వినిపిస్త అన్నడు. ఇగ రాడు గదా. నా దగ్గరనే ఉండిపాయె. ఒకరు అప్పజెప్పిన అమానత్ అన్నా, పెట్టుకోరాదు."

"ఏం నేర్పాడు?"

"నిన్ను."

నాకు అర్థం కాలేదు. భాయ్ గొంతు సవరించుకొని, అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ మొదలుపెట్టాడు. ముందు పొడుగ్గా, నిటారుగా, ప్రసంగం చదువుతున్నట్టు ఒక స్వరం. దాని కిందనే, కౌంటరు చెక్క మీద వేళ్ళతో ఒక దెబ్బ. రెండు దెబ్బలు. ఒక విరుపు. మళ్ళీ ఒకటి.

మా నాన్న!

నలభై ఏళ్ళ కిందట కాలవలో పడిన డప్పు, ఒక బల్ల మీద నేను ఒకే ఒక్కసారి తట్టి చెయ్యి లాక్కున్న డప్పు, సామీ మనిషి చెవిలో దాక్కొని, నిజామాబాదు మనిషి వేళ్ళలోంచి, ఎడారి మధ్య నా కౌంటరు మీద మోగుతోంది. పైన స్వరం ప్రసంగిస్తూనే ఉంది. కింద వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అది నేనే. ఎవరూ నన్ను ఇంత సరిగ్గా వినలేదు. ఆయన్ని అందరి ముందూ ఆపింది నేను. నన్ను ఇలా విన్నది ఆయన.

ఉన్నట్టుండి భాయ్ ఆపేశాడు, వాక్యం మధ్యలో ఆగినట్టు.

"అయిపోయిందా?"

"అయిపోవుడు ఉండదంట అన్నా దీనికి. మొదలు సుత లేదంట. ఆగినకాడ ఆగుడే." తరవాత నా చేతుల వైపు చూసి, "గట్ల పట్టుకున్నవేందన్నా?" అన్నాడు.

చూసుకున్నాను. నా ఎడమచెయ్యి కుడిచేతి వేళ్ళను గట్టిగా బిగించి పట్టుకొని ఉంది. గోళ్ళు తెల్లబడ్డాయి. ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు.

వదిలాను.

ఆ మంగళవారం నుంచి నేను చాలా అడుగుతున్నాను ప్రభువును. ఏన్దోరు ఏది, మందసం ముందు నాట్యం ఏది అని. జవాబు ఇంకా రాలేదు. అయితే ఒకటి తెలిసింది. ఫిడేలు సారు ఆ రోజు పిలిచింది దయ్యాన్ని కాదు. తాత ఫిడేలును కాల్చిన మనిషిని దేవుని ఇంటికి తీసుకొచ్చి, ఆమె పాదాన్ని ఆమెకు తిరిగి ఇచ్చాడు. క్షమాపణ గురించి నేను ఇరవై ప్రసంగాలు చేసి ఉంటాను. దాన్ని కళ్ళారా చూసిన రోజు లేచి నిలబడి ఆపమన్నాను.

రాబోయే శుక్రవారం సాక్ష్యం వంతు నాది. ఈసారి కాలవ దగ్గర ఆపను. నాన్న వేళ్ళ సంగతి కూడా చెబుతాను, ఫిడేలు సారు సంగతి చెబుతాను. వీలైతే హార్మోనియం మూత మీద తట్టి చూపిస్తాను. సంఘం ఏమంటుందో తెలియదు. భయంగా ఉంది.

ప్రియులారా, మీరెక్కడున్నా ఒక్క నిమిషం నాతో కలిసి మోకరించండి. తండ్రీ, ఒక మనిషి నీ ఎదుట ఒక్కసారి వాయించుకోవాలని జన్మంతా ఆగాడు. నేను మధ్యలో ఆపాను. ఆపిన చోటు నుంచి అతన్ని వాయించనివ్వు. అతని నాయనమ్మ పక్కనే ఉంటే పాదం కదపనివ్వు. మా నాన్న తన చేతిని తానే ఇంకా పట్టుకునే ఉంటే, ఆ పట్టు నువ్వు విడిపించు.

ఆమేన్ మీరు చెప్పండి. నాకు ఇంకా గొంతు రావడం లేదు.